పాతాళ మార్గ నిర్మాత బియెన్‌వెన్యూ

పారిస్ నగరమునకు మొదటిసారి పోయిన పరదేశీయుడు భూగర్భ రైలులో ప్రయాణము చేయుచు, ఒక స్టేషను గోడమీద పెద్ద అక్షరములతో కనుపించు బియెన్‌వెన్యూ అను మాటను చూచి, ఫ్రెంచివారు తనకు స్వాగతము పలుకుచున్నారని భ్రమపడుట కలదు. ఫ్రెంచి భాషలో స్వాగతమను మాటకును, ఆ గోడమీది మాటకును గల భేదము ఒక అక్షరముపై నున్న రెండు చుక్కలు మాత్రమే. అది స్వాగత వాక్యము కాదు. ఒక మనుష్యుని ఇంటిపేరు. ఆ గోడను, దాని ముందున్న సొరంగమును, ఆ నగరము క్రింద వలవలె అల్లుకొనిన మార్గములలో అధిక భాగమును నిర్మింపజేసిన ఇంజనీరు ఫుల్జాన్స్ బియెన్‌వెన్యూ పేరది. ఆయన జీవించి యుండగనే, 1933వ సంవత్సరమున, పారిస్ నగరము ఆ స్టేషనుకు ఆయన పేరు పెట్టెను. 1942లో దానిని ప్రక్కనున్న మోన్‌పర్నాస్ స్టేషనుతో కలిపి, రెండు పేర్లను జోడించిరి.

బియెన్‌వెన్యూ 1852వ సంవత్సరము జనవరి 27వ తేదీన ఫ్రాన్సు దేశపు పశ్చిమ భాగమున, బ్రిటనీ ప్రాంతములోని ఉజెల్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాసి ధ్రువపరచు నోటరీ. ఆ గృహస్థునకు కలిగిన సంతానములో ఫుల్జాన్స్ పదుమూడవవాడు. అంతటి పెద్ద కుటుంబములో చివరివారి వంతుకు ఆస్తి మిగులుట అరుదు. చదువే వారికి దిక్కు. గణితమునందు గట్టివాడగుటచే ఆయన 1870లో ఎకోల్ పాలిటెక్నిక్ అను ప్రసిద్ధ విద్యాలయమున ప్రవేశము సంపాదించెను. అది ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము జరిగిన సంవత్సరము. పారిస్ ముట్టడి, ఓటమి, ఆపైన నగరములో చెలరేగిన కమ్యూను విప్లవము, ఆ రక్తపాతము ముగిసిన కొలదికాలమునకే, 1872లో, ఆయన విద్య పూర్తిచేసి వంతెనల, రహదారుల ప్రభుత్వ ఇంజనీర్ల వర్గములో చేరెను. ఆ దేశములో ఈ వర్గమునకు గల గౌరవము అసామాన్యము. దేశమందలి మేలైన గణితజ్ఞులు కోరి ఆ ఉద్యోగమునకు పోవుచుండిరి.

తొలి ఉద్యోగము అలాన్సాన్ పట్టణ ప్రాంతమున. అచట చిన్న చిన్న రైలుమార్గములను కొత్తగా వేయుచుండిరి. ఆ పని పైనే ఉండగా 1881వ సంవత్సరమున ఆయన రైలు క్రింద పడెను. ఎడమచేయి నలిగిపోయెను. వైద్యులు దానిని తీసివేయక తప్పలేదు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది తొమ్మిది. కొలబద్దలు పట్టి, నిచ్చెనలు దిగి, గట్లు ఎక్కి తిరుగవలసిన వృత్తిలోనున్నవానికి ఇది చిన్న దెబ్బ కాదు. కచ్చేరీలో కూర్చుండి కాగితములు చూచు పని కోరుకొన్నచో ఎవ్వరును తప్పు పట్టియుండరు. ఆయన ఆ పని కోరుకొనలేదు. తరువాత అర్ధశతాబ్దము పాటు ఒంటిచేతితోనే సొరంగములలోనికి దిగి పనులు పర్యవేక్షించెను. ఆనాటి ఛాయాచిత్రములలో తెల్లని గడ్డముతో, ఖాళీ చొక్కాచేతితో, కార్మికుల నడుమ నిలుచున్న ఆ మూర్తి ఈనాటికిని కనుపించును.

1880కి పైబడిన దశకము నడుమ, ఆయన పారిస్ చేరెను. మొదట రైల్వే పనులు, ఆపైన నగరపాలక సంఘపు పనులు. దూరపు ఊటల నీటిని కాలువలద్వారా నగరమునకు తెచ్చు పథకములందు ఆయన పనిచేసెను. బెల్‌విల్ అను గుట్టపేటకు ఇరుకైన, నిటారైన వీధి గుండా ట్రాము నడుపవలసి వచ్చినపుడు, వీధి క్రింద తిరుగు ఉక్కుత్రాటితో బండిని పైకి లాగు పద్ధతిని అమలుపరచెను. 1891లో ఆ ట్రాము నడచినది. నీటి గొట్టములు, మురుగు కాలువలు, వీధి మలుపులు, గుట్టలు, పాత గనులు: పారిస్ నేల లోపలి సంగతులను ఆయన వలె ఎరిగినవారు ఆ దినములలో మిక్కిలి కొలదిమంది. రాబోవు మహాకార్యమునకు ఆయన తెలియకయే సిద్ధపడుచుండెననవచ్చును.

ఆ మహాకార్యము అప్పటికి కాగితములపై నలుగుచు దాదాపు నలువది ఏండ్లు గడచెను. లండనులో 1863 జనవరిలోనే భూగర్భ రైలు నడచినది. పారిస్‌లో అంతకు ముందే, 1850 తరువాతి ఏండ్లలోనే, అటువంటి ఆలోచన పుట్టినను ఒక్క అడుగైనను ముందుకు సాగలేదు. కారణము ధనము కాదు, సాంకేతిక శక్తి కాదు. రైలు ఎవరిది అను వివాదమే కారణము. ప్రభుత్వమును, పెద్ద రైల్వే కంపెనీలును కోరినది ఒకటి: దేశము నలుమూలల నుండి వచ్చు రైళ్లు నగరపు అంచులలోని స్టేషనులలో ఆగిపోవుచున్నవి గనుక, వాటిని కలుపు పెద్ద మార్గము నగరము క్రింద వేయవలెను, ఉత్తరపు బండి దక్షిణమునకు, తూర్పు బండి పడమరకు తిన్నగా సాగిపోవలెను. నగరపాలక సంఘము కోరినది మరియొకటి: పనికి పోవు కూలివాడు, బడికి పోవు విద్యార్థి, అంగడికి పోవు గృహిణి ఎక్కి దిగు పేటల రైలు కావలెను. పెద్ద కంపెనీల రైళ్లకు తలుపు తెరచినచో నగరవాసులు పొలిమేరలు దాటి పోదురని, ఇండ్ల అద్దెలు పడిపోవునని, నగరపు సుంకముల రాబడి తగ్గునని కూడ సంఘపు సభ్యులకు భయము కలదు. ఈ పోరులో ఎవరును వంగలేదు. పథకము వెనుక పథకము తయారగుట, మూలబడుట. ఇంతలో లండను పొగ సొరంగములు విస్తరించుట, బుడాపెస్టులో విద్యుత్తు రైలు 1896లో భూమిలోనికి దిగుట జరిగిపోయెను. ఇరువది ఏడు లక్షల జనము గల పారిస్ గుఱ్ఱపు బండ్లతోను, పొగబండ్లతోను, ట్రాములతోను వీధులలో చిక్కుకొని నిలిచియుండెను.

చిక్కుముడిని విప్పినది ఒక ప్రదర్శనము. 1900లో పారిస్‌లో అంతర్జాతీయ మహాప్రదర్శనము జరుగవలెనని నిర్ణయమయ్యెను. కోట్లకొలది జనము వచ్చునపుడు నగరము స్తంభించి నవ్వులపాలగునను భయము ప్రభుత్వమును మెత్తబరచెను. 1895లో మంత్రిత్వశాఖ ఈ రైలు నగరపు స్థానిక వ్యవహారమని అంగీకరించెను. నగరపాలక సంఘము వెంటనే బియెన్‌వెన్యూను, ఆయన పై అధికారియైన ఎడ్మాన్ హ్యూయేను పిలిచి పథకము సిద్ధము చేయుమనెను. 1896లో సంఘము దానిని ఆమోదించెను. 1898 మార్చి 30న పార్లమెంటు శాసనము వెలువడెను. ఆరు మార్గములు, సుమారు 65 కిలోమీటర్ల నిడివి. నగరము పదహారు కోట్ల యేబది లక్షల ఫ్రాంకుల ఋణము తీసికొనెను.

ఒప్పందములోని ఏర్పాటు గమనింపదగినది. సొరంగములు, వంతెనలు, వేదికలు నగరము తన ఖర్చుతో కట్టి తన సొత్తుగా ఉంచుకొనును. పట్టాలు, విద్యుత్తు, బండ్లు, ప్రవేశద్వారములు కంపెనీవి. రైలు నడుపు హక్కు కంపెనీకి కొన్ని యేండ్లపాటు మాత్రమే. ఆ కంపెనీ వెనుక నున్నవాడు బెల్జియము దేశపు ధనికుడైన ఎడ్వర్డ్ ఆంపెన్. టిక్కెట్టు ధర కూడ ఒప్పందములోనే వ్రాయబడెను: రెండవ తరగతి 15 సాంటీములు, మొదటి తరగతి 25. ఉదయము తొమ్మిది గంటలకు ముందు బయలుదేరు కార్మికునకు రానుపోను కలిపి 20 సాంటీములే. ఎంత దూరము పోయినను అదే ధర. బీదవాడు నగరపు అంచున కాపురముండును. దూరమునుబట్టి ధర పెట్టినచో భారము వానిపైననే పడును. ఈ మర్మమును గ్రహించి ధరను స్థిరపరచినవారి దూరదృష్టి మెచ్చదగినది.

అయితే అదే ఒప్పందములో ఒక సంకుచిత బుద్ధియు దాగియుండెను. పెద్ద కంపెనీల రైళ్లు ఎన్నటికిని లోనికి రాకుండుటకై నగరము మొదట ఇరుకు పట్టాలు కోరెను. పార్లమెంటు సాధారణపు వెడల్పు పట్టాలే వేయవలెనని పట్టుబట్టెను. సరేయని నగరము పట్టాలను ఒప్పుకొని సొరంగమును ఇరుకుగా కట్టెను. బండి వెడల్పు 2.40 మీటర్లకు మించరాదు. పట్టాలు కలియును గాని పెద్దబండి సొరంగములో దూరదు. ఫ్రాన్సులోని పెద్దరైళ్లు ఎడమవైపున నడచునవి. ఈ రైళ్లు కుడివైపున నడచునవి. నగరము నాడు గెలిచినది. కాని శివారులు పెరిగి లక్షలకొలది జనము అటనుండి రాకపోకలు సాగించుకాలమునకు ఆ ఇరుకు సొరంగములు అక్కరకు రాలేదు. 1977లో నగర మధ్యమున కలిసిన శివారు రైళ్ల కొరకు మరింత లోతున, పెద్ద సొరంగములు వేరుగా త్రవ్వవలసివచ్చెను. ఈ నిర్ణయము బియెన్‌వెన్యూ ఒక్కనిది కాకున్నను, ఆయన దానిని అమలుపరచెను. దాని ఫలము ఆయన పథకముతో కలిసియే యున్నది.

1898 అక్టోబరులో పని ప్రారంభమయ్యెను. మొదటి మార్గము తూర్పున వాన్సెన్ ద్వారము నుండి పడమట మయో ద్వారము వరకు, పది కిలోమీటర్లకు కొంచెము పైగా. ఇల్లు గలవానికి ఇంటి క్రింది నేలయు సొంతమేయను చట్టము వలన సొరంగములు వీలైనంతవరకు వీధుల క్రిందనే పోవలెను. వీధి వంగినచోట రైలును వంగవలెను. బాస్తీల్ వద్ద ఆ మార్గము తీసికొను వంపులో చక్రములు కీచుమని అరచుట ఈ కారణము చేతనే. త్రవ్వుటకు ముందే వీధుల క్రిందనున్న మురుగు కాలువలను, నీటి గొట్టములను ప్రక్కకు జరుపవలసివచ్చెను. రివోలీ వీధిలోని పెద్ద మురుగు కాలువనే తరలించిరి.

సొరంగము త్రవ్వుటకు ఉక్కు కవచ యంత్రములు తెప్పించిరి గాని అవి పారిస్ నేలలో అనుకొన్నంత పని చేయలేదు. కడకు పాత పద్ధతియే మేలయ్యెను. ముందుగా పై భాగమున చిన్న గుహ త్రవ్వి, కొయ్య దూలములతో ఆనించి, దానిని ఇరుప్రక్కల వెడల్పు చేసి రాతి కమాను కట్టుట. ఆపైన క్రింది మట్టిని తీసి గోడలు లేపుట. కట్టకడపట అడుగు వేయుట. ఇంటికప్పును ముందు వేసి గోడలు తరువాత కట్టినట్లుండు ఈ విధానము, పైన బండ్లు తిరుగుచున్న వీధికి మాత్రము క్షేమకరము. త్రవ్విన మట్టిని రాత్రులయందు ట్రాము పట్టాలమీద తరలించిరి. మరికొంత అడ్డ సొరంగముల గుండా సీన్ నదికి చేర్చి పడవలకెత్తిరి. సొరంగము వెడల్పు 7.10 మీటర్లు, ఎత్తు 5.20 మీటర్లు, స్టేషనుల పొడవు 75 మీటర్లు. గోడలకు తెల్లని మెరుగు పెంకులు తాపించిరి. ఆనాటి విద్యుద్దీపములు మందమైనవి. ఆ కొలది వెలుతురును గోడయే తిప్పి యిచ్చుటకై తెలుపును ఎన్నుకొనిరి.

ఇరువది నెలలలో మార్గము సిద్ధమయ్యెను. 1900 జూలై 19న, మండుటెండలో, మధ్యాహ్నము ఒంటిగంటకు, మేళతాళములు లేకుండ రైలు నడచెను. ఆనాటికి తెరచిన స్టేషనులు ఎనిమిది మాత్రమే. మిగిలిన పదియు కొలది వారములలో తెరచిరి. మూడేసి కొయ్యపెట్టెల చిన్న రైళ్లవి. ప్రదర్శనము చూడవచ్చినవారు, ఆ వేసవిలోనే వాన్సెన్ వనమునందు జరిగిన ఒలింపిక్ ఆటలు చూడబోవువారు, ఎండకు తాళలేక చల్లని సొరంగములో కొంతసేపు కూర్చుండుటకు వచ్చినవారు, అందరును ఎక్కిరి. ఏడాది తిరుగకముందే రైళ్లు చాలవని తేలిపోయెను. వీధిలోని ప్రవేశద్వారములకు హెక్టర్ గిమార్ అను శిల్పి పోత ఇనుముతో తీగెలు, మొగ్గలు, రెక్కలు కల్పించెను. వాటిని చూచి ముక్కు విరిచినవారు చాలమంది. పిమ్మట వాటిలో కొన్నిటిని పీకివేసిరి కూడ. మిగిలినవి నేడు చట్టము రక్షించు కళాఖండములు.

మూడేండ్లు సుఖముగా గడచినవి. పిదప వచ్చినది 1903 ఆగస్టు 10వ తేదీ. రెండవ మార్గములో సాయంకాలము ఒక రైలు మోటారు పెట్టెలో విద్యుత్తు వలన మంట పుట్టెను. ప్రయాణికులను దింపి, ఖాళీబండిని మరియొక ఖాళీబండితో నెట్టించుకొని పోవుచుండగా మెనిల్‌మాంతాన్ స్టేషను వద్ద మంట పెద్దదయ్యెను. దింపివేసిన జనమంతయు వెనుక వచ్చుచున్న రైలులో క్రిక్కిరిసి కూరోన్ స్టేషనుకు చేరియుండిరి. అచట దిగిపొండని సిబ్బంది హెచ్చరించినను, కొందరు తమ పదునైదు సాంటీములు తిరిగి ఇచ్చిన గాని కదలమని వాదమునకు దిగిరి. ఆ వాదములో గడచిన నిమిషములే ప్రాణాంతకములైనవి. సొరంగము గుండా నల్లని పొగ ముంచుకొనివచ్చెను. మంటకు తీగెలు తెగి దీపములారిపోయెను. రైలును నడపు విద్యుత్తు, దీపముల విద్యుత్తు ఒకే తీగె మీద నుండుటయే దానికి హేతువు. చీకటిలో జనము ద్వారము వైపునకు కాక వేదిక రెండవ కొసకు పరుగిడెను. అచట గోడ తప్ప దారి లేదు. మొత్తము ఎనుబది నలుగురు మరణించిరి.

బండ్లును, తీగెలును కంపెనీవి, సొరంగము నగరముది. అయినను చచ్చినవారి బంధువులకు ఆ భేదముతో పని యేమి? ఆ దుర్ఘటన తరువాత మార్పులు త్వరితముగా జరిగెను. దీపముల విద్యుత్తును రైళ్ల విద్యుత్తు నుండి వేరుచేసిరి. దారి చూపు దీపపు పలకలు స్టేషనులలో వెలసెను. రైలు ముందునుండి వెనుకకు అధికశక్తి తీగెలు సాగదీయు పద్ధతిని మాని, స్వల్పశక్తితో అన్ని మోటారులను ఒక్కచోటినుండి అదుపుచేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. కొయ్య మోటారు పెట్టెల స్థానమున లోహపు పెట్టెలు వచ్చెను. నేడు ఏ దేశపు భూగర్భ స్టేషనులోనైనను కరెంటు పోయినపుడు వెలుగుచుండు దారిపలకను చూచువారు కూరోన్ పేరు వినియుండరు.

త్రవ్వకము ఆగలేదు. రెండవ మార్గము ఉత్తరమున పెద్ద రైల్వేల పట్టాలను దాటవలసిన తావున ఇనుప వంతెనలపై పైకి లేచెను. ఆస్టెర్లిట్జ్ వద్ద నదిలో స్తంభము వేయరాదని నౌకాయాన అధికారులు అడ్డుపడగా, 140 మీటర్ల ఒకే ఉక్కు కమానుతో సీన్ నదిని దాటించిరి. ఒపేరా ముందు మూడు మార్గములు ఒకదానిపై నొకటి దాటునట్లు ఒకే రాతికట్టడమును భూమిలో దింపిరి. కొండపేటల క్రింద శతాబ్దములనుండి సున్నపురాయి, జిప్సము త్రవ్వి వదలిన గుహలుండెను. అట్టిచోట సొరంగము కట్టుటకు ముందు ఆ గుహల అడుగునుండి స్తంభములు లేపి, గాలిలో వంతెన కట్టినట్లు భూమిలోనే వంతెన కట్టవలసివచ్చెను. పైన నడచువారికి ఇదేమియు తెలియదు.

వీటన్నిటికంటెను ఆయన కీర్తికి మూలమైనది నాల్గవ మార్గము. ఉత్తరమునుండి దక్షిణమునకు నగరమును చీల్చుకొని పోవు ఆ మార్గము సీన్ నది క్రిందుగా పోవలెను. మొదట గీసిన గీత ఫ్రెంచి పండితపరిషత్తుల నిలయమగు ఇన్‌స్టిట్యూట్ భవనము క్రిందుగా పోవుచుండెను. తమ భవనము అదరునని, తమ ప్రశాంతి చెడునని పండితులు ససేమిరా ఒప్పుకొనలేదు. అమరులను బిరుదు గల ఆ సభ్యులతో ఒంటిచేతి ఇంజనీరు వాదించి గెలువలేకపోయెను. మార్గము తూర్పునకు జరిగి, నది నడిమి ద్వీపమైన సితే గుండా, సాన్ మిషెల్ చౌకు గుండా తిరిగిపోయెను. పండితుల పట్టుదల వలన పని కష్టతరమైనది. కాని ద్వీపమునకొక స్టేషను దక్కినది.

నది అడుగున నేల ఒండ్రుమట్టితోను, ఇసుకతోను నిండియుండెను. సాధారణముగా త్రవ్వినచో నీరు ఉరికివచ్చును. అందుచేత సొరంగమును త్రవ్వుటకు బదులు దించిరి. గుత్తేదారు షాన్యో ఆధ్వర్యవమున ఉక్కు సొరంగపు ముక్కలను ఒడ్డున కూర్చి, పడవలవలె నీటిపై తేల్చి తెచ్చి, సరియైన చోట నదిలో ముంచిరి. ప్రతి ముక్క అడుగున పనివారు నిలుచుటకు ఒక గది. తొట్టిలోని నీటిలో గాజు గ్లాసును బోర్లించి నొక్కినపుడు లోపలి గాలి నీటిని రానీయదు గదా. అట్లే ఆ గదిలోనికి గాలిని బలముగా ఎక్కించి నీటిని వెలుపల నిలిపిరి. పనివారు ఆ గాలిలో నిలిచి కాళ్ల క్రింది మట్టిని త్రవ్వుచుండగా ఉక్కుపెట్టె తన బరువుతో తానే అంగుళమంగుళముగా దిగుచుండెను. తగిన లోతు చేరిన పిదప ఆ గదిని కాంక్రీటుతో నింపివేసిరి. పెద్ద పాయలో మూడు, చిన్న పాయలో రెండు పెట్టెలు ఇట్లు దింపిరి. సితే, సాన్ మిషెల్ స్టేషనులు కూడ ఇట్లే పైనుండి దింపినవే. ఒత్తిడి గల గాలిలోని పని దేహమునకు కీడు చేయును. త్వరపడి వెలుపలికి వచ్చినవాడు కీళ్లనొప్పులతో పడిపోవును. ఆ గదులలో చెమటోడ్చిన కూలీల పేర్లు ఏ స్టేషను గోడమీదను లేవు.

చిన్న పాయకును సాన్ మిషెల్ స్టేషనుకును నడుమ మరియొక గండము. అచట ఒక పెద్ద రైల్వే మార్గము క్రిందుగా, నీటితో నానిన నేలలో త్రవ్వవలెను. పైన రైళ్లు ఆగరాదు. బియెన్‌వెన్యూ ఆ నేలను గడ్డకట్టించెను. గొట్టములను భూమిలోనికి దింపి, సున్నకు ఇరువది డిగ్రీలకు పైగా దిగువనున్న ఉప్పునీటిని వాటి గుండా అనేక దినములు ప్రవహింపజేయగా, బురద రాయివలె గట్టిపడెను. ఆ గడ్డకట్టిన మట్టిని పలుగులతో కొట్టి సొరంగము కట్టిరి. గనులలో తెలిసిన ఈ ఉపాయము, రైళ్లు పరుగిడు మహానగరము నడుమ ప్రయోగించుట సాహసమే. 1909లో పని ముగిసెను. 1910 జనవరి 9న నది క్రిందుగా రైలు నడచెను.

రెండు వారములైనను గడువలేదు. ఆ జనవరిలోనే సీన్ నదికి మహాప్రళయము వంటి వరద వచ్చెను. 28వ తేదీన నీటిమట్టము 8.62 మీటర్లకు చేరెను. వీధులలో పడవలు తిరిగెను. భూగర్భ మార్గములలో పెక్కింటిని మూసివేసిరి. ఇంకను నిర్మాణములో నున్న మరియొక కంపెనీ సొరంగములోనికి దూరిన నీరు నదికి ఎంతో దూరముననున్న సాన్ లజార్ స్టేషను వద్ద పైకి పొంగెను. నీటిని తోడి, బురద కడిగి, తీగెలు మార్చి రైళ్లు మరల నడుపుటకు నెలలు పట్టెను. అయినను నది క్రింద దింపిన ఉక్కు సొరంగములు చెక్కుచెదరలేదు. నేటికిని రైళ్లు వాటిలోనే పోవుచున్నవి.

ఆ రెండవ కంపెనీ పేరు నోర్-స్యూద్. బెర్లియే అను ఇంజనీరు పొందిన అనుమతితో ఏర్పడి 1910 నవంబరులో రైళ్లు ప్రారంభించెను. దాని స్టేషనులు అందముగా నుండెడివి. పేర్లను పెంకులలోనే పొదిగించెడివారు. పోటీవలన పాత కంపెనీ కొంత మేలుకొనెను. 1930లో రెండును ఒక్కటయ్యెను.

పథకములోని ఆరు మార్గములును 1910 నాటికి పూర్తయ్యెను. వాటికి మరికొన్ని కూడెను. ప్రపంచయుద్ధము పనిని మందగింపజేసినను చంపలేదు. పురుషులు సైన్యమునకు పోగా స్త్రీలు స్టేషనులలో టిక్కెట్లు చూచు పనికి వచ్చిరి. బియెన్‌వెన్యూ తన పీఠమును విడువలేదు. ఉద్యోగులందరు విశ్రాంతి కోరు వయస్సు దాటి ఇరువది ఏండ్లయినను ఆయన పటములపైకి వంగియే యుండెను. 1932 డిసెంబరు 6న, ఎనుబదియవ యేట, పదవిని వీడెను. ఒక నగరపు రైలు వ్యవస్థను తొలి గీతనుండి ముప్పదియైదు సంవత్సరములకు పైగా ఒకే మనుష్యుడు నడిపించుట లోకములో మిక్కిలి అరుదు. ఒకే కొలతల సొరంగము, ఒకే తీరు స్టేషను, ఒకే తెల్లని గోడ, అడుగడుగున ఐదారు వందల మీటర్లకొక ఆగుడు: ఆ ఏకరూపత అందువలన వచ్చినదే.

యంత్రములతో కాలము గడపినవాడైనను ఆయనకు ప్రాచీన లాటిన్ సాహిత్యమునందు మక్కువ మెండు. తన రైలును గూర్చి లాటిన్ భాషలో ఒక వాక్యము కట్టెను. దేవతలనుండి అగ్నిని దొంగిలించి మానవులకిచ్చిన ప్రొమీథియస్ కథను తీసికొని, ఆ సంతతివారు ఇప్పుడు దేవరాజు పిడుగునే అపహరించి దానితో పాతాళమున పయనించుచున్నారని దాని భావము. విద్యుత్తును, సొరంగమును ఒక్క చమత్కారములో ఇమిడ్చిన ఇంజనీరులు అరుదు.

ఆయన విశ్రాంతి తీసికొనిన పదునాలుగు నెలలకు, 1934 ఫిబ్రవరిలో, తొమ్మిదవ మార్గము నగరపు పొలిమేర దాటి శివారులోనికి పోయెను. నలువది ఏండ్లక్రితము నగరపాలకులు గట్టిగా మూసిన తలుపు ఆనాడు తొలిసారి తెరచుకొనెను. ఫ్రెంచివారు మెట్రోపొలిటన్ అను పొడవు పేరును కుదించి మెట్రో యనిరి. ఆ పొట్టిపేరు దేశదేశములకు ప్రాకి, 1984లో కలకత్తాకును, 2017లో హైదరాబాదుకును చేరెను. హైదరాబాదులో రైలు భూమిలో కాక స్తంభములపై నడచుచున్నను పేరు మాత్రము పారిస్ సొరంగపు పేరే.

బియెన్‌వెన్యూ 1936 ఆగస్టు 3న పారిస్‌లో మరణించెను. పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. ఆ వాటిక చెంతనే, వీధి క్రింద, ఆయన త్రవ్వించిన రెండవ, మూడవ మార్గములు కలియు స్టేషను కలదు.